తాబేళ్ళ వంశవృక్షం కడుతున్నాను: ప్రాజెక్టు డైరీ

ఏం కట్టాలి

ఇవాళ బతికున్న తాబేళ్ళు సుమారు 350 జాతులు, 14 కుటుంబాలు. వాటి వంశవృక్షం ఎక్కడైనా దొరుకుతుంది. అంతరించిపోయిన గుంపుల దగ్గరికొచ్చేసరికే చిక్కు. చాలా బొమ్మల్లో వాటన్నిటినీ కలిపి అడుగున ఒక బూడిదరంగు మొద్దు గీసి, "ఆదిమ తాబేళ్ళు" అని రాసి వదిలేస్తారు. 20 కోట్ల ఏళ్ళ కథ ఆ మొద్దులో ఉంది. దాన్ని విడదీసి గోడకి పట్టే చార్టుగా గీయాలన్నది ఈ ప్రాజెక్టు.

కొలత తేల్చేశాను. నిలువుగా కాలం, సెంటీమీటరుకి 20 లక్షల ఏళ్ళు. అన్నిటికన్నా కింద పెట్టే యూనోటోసారస్ 26 కోట్ల ఏళ్ళ నాటిది, కాబట్టి ఎత్తు 130 సెంటీమీటర్లు. శాఖలు ఎక్కడ చీలాయో ఎవరి బొమ్మలోంచో చూసి గీయకూడదన్నది నాకు నేను పెట్టుకున్న షరతు. ప్రచురించిన వర్ణనలు, స్కాన్‌లు చూసి లక్షణాల పట్టిక, అంటే జంతువుకో వరస, లక్షణానికో గడి, నేనే నింపాలి (అందరూ మ్యాట్రిక్స్ అనే అంటారు, నేనూ అలాగే అంటాను). దాన్ని సాఫ్ట్‌వేర్‌లో నడపాలి. వచ్చిన చెట్టుని పరిశోధకుల చెట్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఎక్కడొస్తే అక్కడ ఆగి, ఏ ఎముక వల్ల వచ్చిందో పట్టుకోవాలి. నిజానికి నాకు ఆసక్తి ఉన్న భాగం ఇదే.

ఎవరిని తీసుకోవాలి

తాబేళ్ళ శిలాజాలు కుప్పలుగా దొరుకుతాయి, ఎందుకంటే డిప్ప గట్టిది. గొడవ కూడా అక్కడే. డిప్ప మిగులుతుంది, పుర్రె మిగలదు. శాఖల్ని విడదీసే సమాచారంలో పెద్ద వాటా పుర్రె అడుగున, మెడ వెన్నుపూసల్లో ఉంటుంది. డిప్ప మాత్రమే తెలిసిన జాతిని మ్యాట్రిక్స్‌లో పెడితే వరసంతా ప్రశ్నార్థకాలతో నిండిపోతుంది. అది చెట్టులో ఎక్కడ పడితే అక్కడ తిరుగుతూ మిగతా శాఖల్ని కూడా కలగాపులగం చేస్తుంది.

అందుకని పుర్రె గానీ, అస్థిపంజరంలో ఎక్కువ భాగం గానీ దొరికిన వాటినే తీసుకోవాలని నియమం పెట్టాను. ఈ నియమం వల్ల ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా శిలల నుంచి 2000లో వర్ణించిన ఇండోకెలిస్ బయటికి పోయింది. జురాసిక్ కాలపు తాబేలు, మనసుకి కష్టంగానే ఉంది, కానీ దాని గురించి తెలిసింది ప్రధానంగా డిప్ప. ఒకే ఒక్క మినహాయింపు ఇచ్చాను, ప్రొటెరోకెర్సిస్‌కి. కారణం తర్వాత రాస్తాను.

మిగిలిన జాబితాలో ట్రయాసిక్ (జురాసిక్‌కి ముందు కాలం) నుంచి ప్రొగానోకెలిస్, పాలియోకెర్సిస్ ఉన్నాయి. జురాసిక్ నుంచి కాయెంటాకెలిస్, కాండోర్‌కెలిస్, ఐలీన్‌కెలిస్, ప్లాటికెలిస్, ప్లీసియోకెలిస్, ప్లూరోస్టెర్నాన్. తర్వాతి కాలాల నుంచి బేనిడ్‌లు, మంగోలోకెలిస్, నవోమికెలిస్, అడోకస్, శాంటానాకెలిస్, ఆర్కెలాన్, మియోలానియా. పైన పోల్చుకోవడానికి బతికున్న వాటిలో కొన్ని: సముద్రపు పచ్చ తాబేలు, కొరికే తాబేలు, మెత్తడిప్ప తాబేలు, దక్షిణ అమెరికా నదుల్లోని పొడొక్నెమిస్.

అడుగు భాగం: డిప్ప రాకముందు

ఈ భాగం తేలిగ్గా తేలుతుందనుకునే వాళ్ళే ఎక్కువ. ముందు పక్కటెముకలు వెడల్పయ్యాయి, తర్వాత కింది పలక వచ్చింది, చివర్లో పైడిప్ప మూసుకుంది అని మెట్లు మెట్లుగా చెప్పుకుంటాం. స్థూలంగా అది నిజమే. దక్షిణాఫ్రికా యూనోటోసారస్‌కి పక్కటెముకలు ఆకుల్లా వెడల్పు, డిప్ప లేదు. జర్మనీలో దొరికి 2015లో వర్ణించిన పాపోకెలిస్ 24 కోట్ల ఏళ్ళది. దాని పొట్ట కింద సన్నటి ఎముకలు వరసగా ఉన్నాయి, వాటిలో కొన్ని జతలుగా అతుక్కుపోతున్నాయి. చైనాలోని గుయిజౌలో దొరికి 2008లో బయటపడ్డ ఒడొంటోకెలిస్‌కి అడుగుడిప్ప పూర్తిగా ఉంది, పైన మాత్రం వెడల్పు పక్కటెముకలు, వెన్ను మధ్య పలకలు తప్ప ఏమీ లేవు. నోట్లో పళ్ళున్నాయి. ఇక 21 కోట్ల ఏళ్ళ దగ్గర ప్రొగానోకెలిస్‌కి నిండు డిప్ప, దవడల అంచున పళ్ళ బదులు పక్షికున్నట్టు ముక్కు, అంగిట్లో మాత్రం ఇంకా చిన్న పళ్ళు.

ఇంతవరకు వరస చక్కగా ఉంది. 2018లో అదే గుయిజౌ నుంచి ఎయోరింకోకెలిస్ వచ్చి ఈ వరస చెడగొట్టింది. రెండు మీటర్లు దాటిన జంతువు, పళ్ళెంలా గుండ్రటి ఒళ్ళు, పైనా డిప్ప లేదు, కిందా లేదు. కానీ నోటి ముందు భాగంలో పళ్ళు లేని ముక్కుంది! డిప్ప సగం ఉన్న ఒడొంటోకెలిస్‌కి ముక్కు లేదు, డిప్పే లేని దీనికి ముక్కుంది. ముక్కు గడిని చూస్తే ఒక వరస, అడుగుడిప్ప గడిని చూస్తే ఇంకో వరస వస్తుంది. రెండూ ఒకేసారి నిజం కాలేవు కాబట్టి ముక్కన్నా రెండుసార్లు విడివిడిగా వచ్చి ఉండాలి, లేదా ఒడొంటోకెలిస్ వంశంలో పోయి ఉండాలి. డిప్ప లక్షణాలు ఎక్కువ కాబట్టి నా మ్యాట్రిక్స్‌లో అవే గెలిచాయి. ఎయోరింకోకెలిస్ ఒడొంటోకెలిస్ కన్నా కిందే కూర్చుంది. ప్రచురిత విశ్లేషణలోనూ అదే చోటు.

చార్టులో ఈ ఐదుగురినీ ఒకే గీత మీద మెట్లుగా పెట్టకుండా ఒక్కొక్కదానికి పక్కకి చిన్న కొమ్మ వేశాను. ఎవరూ ఎవరికీ తాత కాదు. మనకి దొరికినవి పక్క శాఖల ప్రతినిధులు, అంతే.

పక్కటెముకలు అసలెందుకు వెడల్పయ్యాయన్న ప్రశ్న చార్టులో పట్టదు గానీ ఇక్కడ రాయాలి. వెడల్పు పక్కటెముకలు జంతువుకి పెద్ద నష్టం. ఒళ్ళు బిగుసుకుపోతుంది, పరుగు తగ్గుతుంది, ఊపిరి పీల్చడం కష్టమవుతుంది. డిప్పగా మూసుకునే దాకా రక్షణ కూడా పెద్దగా ఉండదు. ఇంత నష్టం భరించిందంటే వేరే లాభం ఏదో ఉండాలి. యూనోటోసారస్ ముందుకాళ్ళు, గోళ్ళు చూసి 2016లో ఒక పరిశోధక బృందం చెప్పిన జవాబు, మట్టి తవ్వడం. గట్టి మొండెం ఉంటే ముందుకాళ్ళతో తవ్వేటప్పుడు ఒళ్ళు నిలకడగా ఉంటుంది. నాకు ఈ వాదన నచ్చింది, ఎందుకంటే డిప్ప పూర్తయ్యాక వచ్చే లాభాన్ని డిప్ప మొదలవడానికి కారణంగా చూపించదు.

ఔట్‌గ్రూప్, అంటే పోలిక కోసం పెట్టే బయటి చుట్టాల, సంగతి కూడా ఇక్కడే. తాబేళ్ళకి దగ్గరి చుట్టాలు ఎవరన్నది పుర్రె చూసి చెప్పడం చాలాకాలం కష్టమైంది. కణత దగ్గర వాటి పుర్రెకి రంధ్రాలు లేవు కాబట్టి సరీసృపాలన్నిటికీ అడుగున వేరుగా పెట్టేవాళ్ళు. డీఎన్‌ఏ ఆధారాలు 2012 నుంచి గట్టిగా చెబుతున్నది, పక్షులు, మొసళ్ళే దగ్గరివాళ్ళని. పాపోకెలిస్ పుర్రెలో కణత దగ్గర రెండు ఖాళీలు కనిపించడం దీనికి బాగా కలిసొచ్చింది. నేను డీఎన్‌ఏ మాటే తీసుకున్నాను.

అటక ఖాళీ చేయడం

1889లో రిచర్డ్ లిడెకర్ అనే శాస్త్రవేత్త ఆంఫికెలిడియా అని ఒక గుంపు పెట్టాడు. ఇవాళ్టి తాబేళ్ళ రెండు పెద్ద శాఖలైన, మెడ పక్కకి తిప్పేవాటిలోనూ, లోపలికి లాక్కునేవాటిలోనూ సరిగ్గా ఇమడని పాత తాబేళ్ళన్నీ అందులోకి వెళ్ళాయి. పేరుకి గుంపు గానీ, పాత సామాను పడేసే అటక అది. ఎందులోనూ చేరకపోవడమే అందులో చేరడానికి అర్హత. దాదాపు ఒక శతాబ్దం అలాగే నడిచింది.

1975లో యూజీన్ గాఫ్నీ దాన్ని ఎత్తేశాడు. ఆయన పట్టుకున్న లక్షణం దవడ మూసే కండరం దారి. తాబేళ్ళకి చెవి గది పెద్దది, కండరం తిన్నగా పోవడానికి అడ్డొస్తుంది. అందుకని కండరపు స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే పట్టీ) ఎక్కడో ఒకచోట కప్పీ మీద తాడులా వంపు తిరగాలి. మెడ లోపలికి లాక్కునే తాబేళ్ళలో ఆ వంపు చెవి గది మీదే తిరుగుతుంది. పక్కకి తిప్పేవాటిలో అంగిటి వెనక టెరిగాయిడ్ ఎముక నుంచి పక్కకి పొడుచుకొచ్చిన ముక్క మీద తిరుగుతుంది. మెడ ఎలా వంగుతుందో శిలాజంలో తెలియకపోయినా పుర్రె ఉంటే చాలు, ఏ పక్షమో చెప్పొచ్చు.

అటక ఖాళీ అయితే అయింది గానీ, సామాను ఎక్కడ సర్దాలన్న దానిలో తర్వాత గొడవ వచ్చింది. గాఫ్నీ చాలావాటిని ఈ రెండు పెద్ద శాఖల్లోనే సర్దాడు. 2007లో వాల్టర్ జాయిస్ విశ్లేషణ వాటిలో చాలావాటిని బయటికి, కాండం మీదికి దించేసింది. ఇక్కడ రెండు మాటలు అవసరం. బతికున్న తాబేళ్ళన్నిటి చివరి ఉమ్మడి పూర్వీకుడు, దాని వారసులు అందరూ కలిసి క్రౌన్. ఆ చీలిక కన్నా ముందే పక్కకి పోయినవి స్టెమ్. నా చార్టులో క్రౌన్‌కి నీలం, స్టెమ్‌కి నారింజ. గొడవంతా ఎవరు ఏ రంగన్నదే.

ప్రొటెరోకెర్సిస్ పరీక్ష

నియమం తప్పించి దీన్ని ఎందుకు తీసుకున్నానంటే, ఒక్క లక్షణం ఎంత దూరం లాగగలదో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. జర్మనీలో దొరికింది, 1913లో పేరు పెట్టారు, ట్రయాసిక్ చివరిది. దీని కటి ఎముకలు డిప్పకి అతుక్కుని ఉన్నాయి. ఇవాళ్టి తాబేళ్ళలో అలా ఉండేది మెడ పక్కకి తిప్పేవాటికే. కాబట్టి చాలాకాలం ఇదే ఆ శాఖలో అత్యంత పాత తాబేలని రాసుకున్నారు.

ఆ మాట ఒప్పుకుంటే ఏమవుతుందో చార్టు మీద పెన్సిల్‌తో గీసి చూశాను. పక్కమెడ శాఖ 21 కోట్ల ఏళ్ళ దగ్గర ఉంటే, క్రౌన్ చీలిక అంతకన్నా కిందికి పోవాలి. అంటే నీలం రంగు ట్రయాసిక్ నుంచే మొదలవ్వాలి. ఒప్పుకోకపోతే క్రౌన్‌కి చెందినవని గట్టిగా చెప్పగలిగే శిలాజాలు జురాసిక్ మధ్య, చివరి భాగాలకి వస్తాయి. తేడా 5 కోట్ల ఏళ్ళు, చార్టు మీద 25 సెంటీమీటర్లు. ఒక అతుకు కోసం ఇంత!

సాఫ్ట్‌వేర్‌లో కటి అతుకుకి మిగతా లక్షణాలతో సమానంగా బరువిస్తే ప్రొటెరోకెర్సిస్ నేరుగా కిందికి, ప్రొగానోకెలిస్ పొరుగుకి వెళ్ళింది. దాన్ని అక్కడికి లాగినవి అడుగుడిప్ప మధ్యలో ఉండే మీసోప్లాస్ట్రా పలకలు. దీనికీ ఒడొంటోకెలిస్‌కీ అవి రెండేసి జతలు. తర్వాతి తాబేళ్ళలో ఒక జత మిగులుతుంది, చాలావాటిలో అసలు ఉండవు. తర్వాత అతుకు బరువు పెంచుకుంటూ పోయాను. చాలా పెంచాకే అది పక్కమెడ శాఖలోకి ఎక్కింది. అలా ఎక్కినప్పుడు మీసోప్లాస్ట్రా జతలు తగ్గి మళ్ళీ పెరగాల్సి వచ్చింది. కటి డిప్పకి అతుక్కోవడం రెండుసార్లు విడివిడిగా జరిగిందనుకోవడమే తక్కువ ఖర్చు. నారింజ రంగే ఖాయం.

అరిజోనా కాయెంటాకెలిస్‌ది కూడా ఇదే తరహా తగువు. 1987లో దాన్ని అత్యంత పాత క్రిప్టోడైర్ అన్నారు. అంటే లోపలికి లాక్కునే పక్షం. 2007లో పుర్రెని మళ్ళీ వర్ణించినప్పుడు అంగిట్లో పళ్ళు, ఎముకల మధ్య ఖాళీ లాంటి పాత గుర్తులకి ప్రాధాన్యం వచ్చింది, స్టెమ్‌లోకి దిగింది. నా పట్టికలో అది ఎటూ ఊగకుండా స్టెమ్‌లోనే నిలబడింది.

పుర్రె అడుగున ఒక రంధ్రం

ఎక్కువ సమయం తిన్నది ఇదే, ఎక్కువ నచ్చిందీ ఇదే. మార్ఫోసోర్స్ అనే వెబ్‌సైట్‌లో తాబేళ్ళ పుర్రెల సీటీ స్కాన్‌లు ఉన్నాయి. త్రీడీ మోడల్ తెరిచి పుర్రెని తలకిందులు చేస్తే మధ్యలో బేసిస్ఫెనాయిడ్ అనే త్రికోణపు ఎముక కనిపిస్తుంది, దానికి రెండు వైపులా టెరిగాయిడ్‌లు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే కెరోటిడ్ ధమని ఈ పరిసరాల్లోనే ఎముకలోకి దూరుతుంది. ఎక్కడ దూరుతుందన్నదే లక్షణం.

పచ్చ తాబేలు మోడల్‌లో ముందు చూశాను. అడుగు నుంచి చూస్తే రంధ్రం కనపడదు, పుర్రెని కొంచెం వెనక్కి వాల్చి చూడాలి. టెరిగాయిడ్ వెనక అంచు దగ్గర, చెవి వైపు. అక్కడి నుంచి ధమని ఎముక లోపల కాలువలోనే ముందుకి పోతుంది. మోడల్‌ని అడ్డంగా కోస్తూ ఒక్కో ముక్క జరిపితే ఆ కాలువ చిన్న నల్ల చుక్కగా కదులుతూ కనిపిస్తుంది, మధ్యలో రెండుగా చీలుతుంది. తర్వాత బేనిడ్‌ల బొమ్మలు. వాటిలో రంధ్రం వెనక అంచున లేదు. బేసిస్ఫెనాయిడ్, టెరిగాయిడ్ కలిసే అతుకు గీత మీద, దాదాపు సగం దూరంలో ఉంది. ప్లూరోస్టెర్నాన్‌లోనూ అంతే. ప్రొగానోకెలిస్‌లో అయితే టెరిగాయిడ్ కింద నుంచి కప్పదు. ధమని బయటి నుంచే వచ్చి బేసిస్ఫెనాయిడ్‌లోకి దూరుతుంది.

రంధ్రం అతుకు మీద సగంలో ఉండేవే పారాక్రిప్టోడైర్‌లు: ప్లూరోస్టెర్నిడ్‌లు, బేనిడ్‌లు. డిప్ప చూసి వీటిని మామూలు మంచినీటి తాబేళ్ళ నుంచి వేరుచేయమంటే నేను తెల్లమొహం వేస్తాను. పుర్రె తిప్పితే క్షణంలో తేలిపోతుంది. మ్యాట్రిక్స్‌లో ఈ లక్షణాన్ని మూడు స్థితులుగా కోడ్ చేశాను: కప్పు లేదు, సగంలో, వెనక అంచున. ఈ మూడూ వరసగానే మారాలని షరతు పెట్టలేదు. కాలువ వెనక్కి మూసుకుపోవడం ఒకేసారి జరిగిందా, వేర్వేరు శాఖల్లో విడివిడిగా జరిగిందా అన్నది పరిశోధకుల మధ్య ఇంకా చర్చలో ఉంది. వరస పెడితే జవాబు ముందే చెప్పేసినట్టవుతుంది.

కొమ్ముల తాబేలు ఎక్కడ?

మియోలానియా కోసం చార్టులో పై నుంచి కింది దాకా ఒక నిలువు పట్టీ ఖాళీగా ఉంచుకున్నాను. ఆస్ట్రేలియాకి తూర్పున లార్డ్ హోవ్ దీవిలో దొరికింది. తల మీద ఆవు కొమ్ముల్లాంటివి పక్కలకి పొడుచుకొచ్చి ఉంటాయి, తోక చుట్టూ ఎముక కడియాలు. 1886లో రిచర్డ్ ఓవెన్ దీనికి పేరు పెట్టినప్పుడు బల్లి జాతి అనుకున్నాడు. మరుసటి ఏడాది థామస్ హక్స్‌లీ ఇది తాబేలేనని వాదించాడు, ఆ మాటే నిలిచింది.

తాబేలని తేలాక ఏ శాఖ అన్నది మొదలైంది. గాఫ్నీ చాలా వివరంగా వర్ణించి క్రిప్టోడైర్‌లలో పెట్టాడు. ఆ తర్వాత హూలియానా స్టెర్లీ వంటి వారి విశ్లేషణల్లో ఇది క్రౌన్ బయటికొచ్చింది. దక్షిణ అమెరికాలోని ఇయోసీన్ (డైనోసార్లు పోయాక వచ్చిన ఒక కాలం) నాటి నియోలామియా, ఆస్ట్రేలియాలోని నింజెమిస్ దీని కుటుంబమే. నా మ్యాట్రిక్స్‌లో మెడ వెన్నుపూసల కీళ్ళు దీన్ని పైకి, క్రౌన్ వైపు లాగాయి, పుర్రె అడుగు లక్షణాలు కిందికి లాగాయి. లెక్క చాలా దగ్గరగా వచ్చింది. కిందికే మొగ్గింది గానీ ఒకటి రెండు గడులు అటూ ఇటూ అయితే ఫలితం మారిపోతుంది. మంగోలోకెలిస్‌ని మ్యాట్రిక్స్‌లోంచి తీసేసి నడిపితే ఇంకా మెత్తబడింది. అందుకే నారింజ రంగులోనే గీశాను, చీలిక దగ్గర మాత్రం గీత తెంచి తెంచి వేశాను.

దీనివల్ల చార్టు రూపురేఖలే మారిపోయాయి. స్టెమ్ అంటే అడుగున, పాత రాళ్ళలో ఉండేదన్న లెక్క చెల్లదు. మియోలానియా లార్డ్ హోవ్‌లో ప్లీస్టొసీన్ (మంచుయుగాల కాలం) దాకా బతికింది. వనౌటులోని ఎఫాటే దీవిలో దొరికి 2010లో ప్రకటించిన ఎముకలు కూడా దీని బంధువువే అయితే, సుమారు 2,800 ఏళ్ళ కిందట మనుషులు వీటిని వేటాడి తిన్నారు. ఆ ఎముకలు ఈ గుంపువేనా అని సందేహించిన వాళ్ళూ ఉన్నారు. ఏదైనా నా కొలతకి తేడా రాదు. ప్లీస్టొసీన్ మొత్తం చార్టు మీద ఒకటింబావు సెంటీమీటరు, 2,800 ఏళ్ళు పెన్సిల్ గీత మందం కన్నా తక్కువ. నారింజ పట్టీ పై అంచుని తాకింది, నాకది చాలు.

నడపడం

మ్యాట్రిక్స్ మెస్క్వైట్‌లో నింపాను, టీఎన్‌టీలో నడుపుతున్నాను. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్‌లే. పది జాతులకే వేరు పెట్టని (అడుగు ఎటో చెప్పని) చెట్లు 20,27,025 రకాలుగా వేయొచ్చు. ఇరవై జాతులకి ఆ సంఖ్య 2 పక్కన 20 సున్నాలు దాటుతుంది. కాబట్టి అన్నీ చూడటం ఉండదు, యాదృచ్ఛికంగా మొదలుపెట్టి కొమ్మలు తెంచి అతికిస్తూ తక్కువ మార్పులున్న చెట్టు కోసం వెతకడమే. సమానంగా మంచివైన చెట్లు చాలా వచ్చాయి. అన్నిట్లో ఉమ్మడిగా ఉన్నవి మాత్రమే ఉంచితే మధ్య భాగం, జురాసిక్ చివరి తాబేళ్ళ చుట్టూ, ఎవరు ఎవరికి దగ్గరో తేలకుండా దువ్వెన పళ్ళలా విడిపోయింది.

బతికున్న వాటి అమరికే పెద్ద తలనొప్పి. ఎముకలు మాత్రమే చూస్తే మెత్తడిప్ప తాబేళ్ళు బురద తాబేళ్ళ పక్కకి చేరి బాగా లోపలికి పోతాయి. డీఎన్‌ఏ ప్రకారం క్రిప్టోడైర్‌లలో మొట్టమొదట చీలిపోయింది మెత్తడిప్ప శాఖే. నేను డీఎన్‌ఏ చెప్పిన అమరికని గట్టిగా బిగించి, శిలాజాల్ని మాత్రం వాటి మధ్య స్వేచ్ఛగా తిరగనిచ్చాను. ఇప్పుడు ఈ రంగంలో చాలామంది చేస్తున్నది ఇదే. బిగించాక అడోకస్ మెత్తడిప్ప శాఖ పక్కనే స్థిరపడింది, క్రిప్టోడైర్‌ల అడుగు భాగం చాలావరకు విప్పుకుంది.

సముద్రంలోకి ఎన్నిసార్లు

ఆర్కెలాన్ లేకుండా తాబేళ్ళ చార్టు ఎవరూ చూడరు. జార్జ్ వీలండ్ 1896లో పేరు పెట్టాడు, దక్షిణ డకోటా, క్రెటేషియస్, నాలుగు మీటర్లు దాటిన పొడవు. పైడిప్ప పలకలు తగ్గిపోయి పక్కటెముకల చట్రమే మిగిలింది. చూస్తే ఇవాళ్టి తోలుడిప్ప తాబేలే గుర్తొస్తుంది. దీని కుటుంబం ప్రొటోస్టెగిడ్‌లు. ఇవి ఇవాళ్టి సముద్ర తాబేళ్ళ చుట్టాలా, లేక వేరే శాఖ నుంచి విడిగా సముద్రంలోకి దిగినవా?

ఆర్కెలాన్‌ని చూస్తే జవాబు దొరకదు, అది బాగా మారిపోయిన జంతువు. అడగాల్సింది పాతవాళ్ళని. బ్రెజిల్ శాంటానాకెలిస్‌ని 1998లో వర్ణించారు, 11 కోట్ల ఏళ్ళది. దాని ముందుకాలు తెడ్డులా సాగుతోంది గానీ వేళ్ళ కీళ్ళు ఇంకా కదులుతాయి. ఇవాళ్టి సముద్ర తాబేళ్ళలో అవి బిగుసుకుపోయి ఉంటాయి. కంటి వెనక మాత్రం ఉప్పు గ్రంథికి సరిపడా పెద్ద ఖాళీ ఉంది. అంటే ఉప్పుని వదిలించుకునే ఏర్పాటు ముందొచ్చింది, తెడ్డు తర్వాత పూర్తయింది. కొలంబియా డెస్మాటోకెలిస్ పాడిల్లై ఇంకా పాతది, 12 కోట్లు, 2015లో ప్రకటించారు. దాన్ని వర్ణించినవాళ్ళు ప్రొటోస్టెగిడ్‌లని సముద్ర తాబేళ్ళలోనే పెట్టారు. జాయిస్ 2007 చెట్టులో మాత్రం శాంటానాకెలిస్ వాటికి చాలా దూరంలో ఉంది.

నేను రెండు విధాలా నడిపాను. తెడ్డుకి సంబంధించిన గడులన్నీ ఉంచితే ప్రొటోస్టెగిడ్‌లు సముద్ర తాబేళ్ళ పక్కకి చేరాయి. ఈదడానికి సంబంధించినవన్నీ తీసేసి పుర్రె, మెడ మాత్రమే ఉంచితే జారి కిందికి పోయాయి. ఈత గడులు తీసేయడం న్యాయమేనా? ఒకే జీవనవిధానం వల్ల ఒకేలా మారాయని ముందే అనుకుంటేనే తీసేయగలం, తేల్చాల్సింది అదే కదా. అందుకని తీసేసిన ఫలితాన్ని చార్టులోకి తీసుకోవట్లేదు. సముద్ర తాబేళ్ళ పక్కనే పెట్టాను, కింద రెండో అవకాశానికి చుక్కల గీత వేశాను.

వీటి సంగతి ఎలా తేలినా సముద్రం వైపు వెళ్ళినవాళ్ళు ఇంకా ఉన్నారు. ప్లీసియోకెలిస్ బంధువులు జురాసిక్ చివర్లో యూరప్ తీరపు నీళ్ళలో ఉన్నారు, వాళ్ళ వంశం ఇవాళ లేదు. పక్కమెడ తాబేళ్ళలోని బోత్రెమిడిడ్‌లలో కూడా తీరప్రాంతపు రకాలున్నాయి. "సముద్రం" అని ఒకే గడి పెట్టి కోడ్ చేస్తే వీళ్ళంతా కలిసిపోతారు. ఆ గడి నా మ్యాట్రిక్స్‌లో లేదు.

పక్కమెడ శాఖ

ఇది త్వరగా అయింది, ఎందుకంటే ఇక్కడ పుర్రెలు బాగా దొరికాయి. బోత్రెమిడిడ్‌ల మీద 2006లో గాఫ్నీ బృందం పెద్ద గ్రంథమే వేసింది. భారతదేశపు క్రెటేషియస్ చివరి కుర్మాడెమిస్, సంకుకెమిస్ కూడా ఈ కుటుంబానివే. ఇవాళ పక్కమెడ తాబేళ్ళు దక్షిణ భూభాగాలకే పరిమితం గానీ బోత్రెమిడిడ్‌లు ఉత్తర అమెరికా, యూరప్‌లలో కూడా తిరిగాయి.

వెనిజులా స్టుపెండెమిస్‌కి 1976లో పేరు పెట్టారు. 2020లో వర్ణించిన కొత్త నమూనాల్లో డిప్ప పొడవు 2.4 మీటర్లు ఉంది. కొన్నిటికి డిప్ప ముందు అంచున, మెడకి రెండు పక్కలా కొమ్ములు. మగవాటివని భావిస్తున్నారు. చార్టులో పక్కన చిన్న బొమ్మ వేయాలి, లేకపోతే చూసేవాళ్ళు ఊరుకోరు.

నాకు ఇంకా ముఖ్యమనిపించింది ప్లాటికెలిస్. జురాసిక్ చివరిది, పక్కమెడ శాఖ అడుగున ఉంటుంది. 2017లో దాని మెడ వెన్నుపూసల్ని పరిశీలించినవాళ్ళు చెప్పింది, అది మెడని పక్కకి కాకుండా నిలువుగా, కొంత మేరే వెనక్కి లాక్కోగలిగేదని. తలని దాచుకోవడానికి అది చాలదు. నీళ్ళలో ఎరని పట్టడానికి తలని ఒక్కసారిగా ముందుకి విసరడానికి పనికొస్తుంది. తల దాచుకోవడం తర్వాత కలిసొచ్చిన లాభం కావచ్చు. మెడ గడిని "పక్కకి/నిలువుగా" అని రెండుగా విడగొట్టకుండా, ఒక్కో కీలు ఆకారాన్ని విడిగా కోడ్ చేయాలని దీన్ని చదివాకే నిర్ణయించాను. ప్లాటికెలిస్ వరస అప్పుడే అర్థవంతంగా నిండింది.

చార్టు మీద ఇప్పటిదాకా

గీతల మందం మీద చాలా ఆలోచించాను. జాతుల సంఖ్యని బట్టి వేద్దామంటే డిప్ప ముక్కలకి పెట్టిన పేర్లు కూడా కలిసిపోయి తప్పుడు లావు వస్తుంది. అందుకని అన్నిటికీ ఒకే మందం. శిలాజాలు ఉన్న కాలానికి నిండు గీత, లేని కాలానికి సన్న గీత.

పై నుంచి 33 సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత, 6.6 కోట్ల ఏళ్ళు. పక్షేతర డైనోసార్లు ఆగిపోయే చోటు. ఇక్కడ తాబేళ్ళ గీతల్లో చాలావాటికి ఏమీ కాదు. బేనిడ్‌లు దాటిపోయి ఇయోసీన్ దాకా నడిచాయి, బోత్రెమిడిడ్‌లూ దాటాయి. అడోకస్ బంధువులైన నాన్‌షియుంగ్‌కెలిడ్‌లు మాత్రం ఆగిపోయాయి. అవి నేల మీద ఎక్కువగా తిరిగేవని చాలామంది అభిప్రాయం. నదుల్లో ఉన్నవాటికి ఆ దెబ్బ తక్కువ తగిలిందన్న వాదనకి ఈ తేడా పనికొస్తుంది, కానీ ఒక్క కుటుంబంతో సూత్రం కట్టలేం, చార్టు మీద ఆ మాట రాయట్లేదు.

మిగిలిన పని: ప్లీసియోకెలిస్ గుంపు ఇంకా దువ్వెన పళ్ళ మధ్యే ఉంది. శాండోనియా అని ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో దొరికిన ఒక చిత్రమైన పుర్రె ఉంది, అంగిలి వెనక దాకా మూసుకుపోయి ఉంటుంది. దాని గుంపుని ప్లీసియోకెలిస్ పక్కన పెట్టే చెట్లున్నాయి, ప్రొటోస్టెగిడ్‌ల పక్కన పెట్టేవీ ఉన్నాయి. దాన్ని మ్యాట్రిక్స్‌లో చేరుస్తున్నాను. పుర్రె గడులు చాలావరకు నిండాయి, కెరోటిడ్ రంధ్రం గడి ఒక్కటే స్కాన్ కోసం ఆగింది. అది నింపాక మళ్ళీ నడిపి, చుక్కల గీతని ఉంచాలో తీసేయాలో చూస్తాను.